ముక్కు ముందు తూకపురాయి

తెనాలిలో ఒకప్పుడు మహాయుద్ధం జరిగింది. ఒకవైపు గురువు, ఒకవైపు శిష్యుడు, మధ్యలో ఇనుము. రాస్తే ఆరు సంపుటాలవుతుంది. నిజానికి అది జరిగింది ఇంటర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో, మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు ముగిసింది.

ఎనభైల చివర. మా లెక్చరరు గారు రేపల్లె నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చేవారు, రోజూ ఆలస్యంగా. ఒకరోజు లోలకం పాఠం చెబుతూ, "రెండు చివర్లా క్షణం ఆగుతుంది, మధ్యలో వేగం ఎక్కువ" అన్నారు.

"మీ రేపల్లె బండి మధ్యలో కూడా ఆగుతుంది కదండీ" అన్నాను.

క్లాసు నవ్వింది. ఆయన నవ్వలేదు. మధ్యస్థానం నుంచి ఎంత దూరం జరిగితే అంత గట్టిగా వెనక్కి లాగే బలం ఉంటే దాన్ని సరళ హరాత్మక చలనం అంటారు. ఆయన కోపానికి వెనక్కి లాగే బలం లేదు. నా వైపే వచ్చేది.

ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. బాపట్ల నుంచి ఎగ్జామినరు వస్తున్నాడు. రికార్డు మీద లెక్చరరు సంతకం లేకపోతే లోపలికి రానివ్వరు, ఏడాది పోతుంది. మా ల్యాబు ఆచారం ఏమిటంటే, రావలసిన జవాబు ముందు రాసుకుని, దానికి సరిపడే రీడింగులు తర్వాత వండుకోవడం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా అందరి రికార్డుల మీదా సంతకం పెట్టి, నాది విసిరేశారు.

"ఏంట్రా, ఇవి నువ్వు తీసిన రీడింగులేనా?"

"అందరూ తీసినవేనండి."

"పళ్ళు రాలగొడతా. నీకు అర్థమైందని తేలితేనే సంతకం. ఆ గోడకి ఆనుకుని నిలబడు."

పైన ఫ్యాను కొక్కెం ఖాళీగా ఉంది. దానికి తాడు కట్టించి, కిరాణా కొట్టు నుంచి తెప్పించిన అయిదు కిలోల ఇనప తూకపురాయి వేలాడదీశారు. దాన్ని లాక్కొచ్చి నా ముక్కుకు ఆనించారు.

"కదిలావా, వచ్చే ఏడు మళ్ళీ ఇదే బెంచీ. చెప్పు, శక్తి ఎక్కడుంది?"

"ప్రస్తుతం మీ చేతిలో ఉందండి."

"ఒరేయ్!"

"అంతా స్థితిశక్తేనండి. వదిలితే కిందికొచ్చేసరికి గతిశక్తి అవుతుంది. అవతలి చివర మళ్ళీ స్థితిశక్తి."

"తిరిగొచ్చాక నీ ముక్కు?"

"బయల్దేరిన ఎత్తు దాటి రాదండి. గాలికి కాస్త పోతుంది గనక కొంచెం తక్కువే వస్తుంది."

ఇంత దూరం లాగితే ఇది సరళ హరాత్మక చలనం కాదని, ఆ సూత్రం చిన్న ఊపులకేనని కూడా చెప్పాలనిపించింది. ముక్కుకి ఇనుము ఆనుకుని ఉన్నప్పుడు మనిషికి కొంత సంస్కారం వస్తుంది.

అప్పుడు చూశాను. రాయిని పక్కనుంచి పట్టుకున్న ఆయన అరచెయ్యి, రాయికీ నా ముక్కుకీ మధ్యకు జరుగుతోంది.

"సార్, వదలాలండి, తొయ్యకూడదు. తోస్తే మీరిచ్చింది కూడా కలుపుకుని తిరిగొస్తుంది. శక్తి మీది, ముక్కు నాది."

వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. ఆయన పళ్ళు కొరుకుతూ చెయ్యి తీసి, వదిలారు. రాయి వెళ్ళింది, అవతల ఆగింది, తిరిగొచ్చింది. నేను కళ్ళు మూసుకోలేదు. ధైర్యం కాదు, మూసుకుంటే కదిలావంటారేమోనని. ముక్కుకి వేలి మందం ఎడంలో ఆగి, వెనక్కి పోయింది.

ఆయన మెచ్చుకోలేదు. కాగితం చిరిగేలా సంతకం పెట్టి, రికార్డు నేలమీద పడేశారు. పరీక్షలయ్యేదాకా మళ్ళీ నా మొహం చూడలేదు.

మర్నాడు రిపేరు నుంచి ఫ్యాను వచ్చింది. అదే కొక్కేనికి తగిలించారు.