రెండో డిస్కు వాడి దగ్గరే ఉంది

రెండు సీడీలు పట్టే పెట్టె ఒకటి నా దగ్గరుంది. అందులో ఉన్నది ఒకటే. రెండోది చాలా ఏళ్లుగా బ్రిస్బేన్‌లో ఉంది.

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన ఒకడూ ఒకే గదిలో ఉండేవాళ్లం. సాయంత్రాలు కార్లు కడిగే పని. అక్కడి మేనేజరు ఫిజీ అంకుల్. రేడియోలో జమైకా దీవి రెగే పాట మోగకపోతే ఆయన చేతికి నీళ్ల పైపు కూడా ఎక్కేది కాదు. ఏడాదిలో బాగా ఆడిన రెగే, డాన్స్‌హాల్ పాటలన్నీ ఏరి ఏటా రెండు డిస్కుల పెట్టెగా అమ్మేవారు. ఆ పిచ్చి ఆయన నుంచి మాకు అంటుకుంది.

అట్ట మీద ఏటా అదే కొబ్బరిచెట్టు, అదే సముద్రం, అదే ఎండ. కానీ ఆ పెట్టె మా పేటలోని సీడీల దుకాణానికి వచ్చేది జూలైలో. ఎక్కడో వేసవి కోసం చేసిన పాటల్ని మేం మెల్‌బోర్న్ చలిలో రెండేసి స్వెట్టర్లు వేసుకుని వినేవాళ్లం. ఇంట్లో హీటరు లేదు. రెండో డిస్కు నాలుగో పాటకి బల్ల మీద గడ్డకట్టిన వెన్న కరిగేది. ఏడో పాట దరువుకి పక్కింటి నిమ్మచెట్టు కాయలు మా పెరట్లో రాలిపడేవి. వాటితో పులిహోర కలిపేవాళ్లం. పులిహోర మాత్రం నిజం.

ఆ పెట్టెల్లో లోపాలు లేవనను. ఒకే దరువు మీద ఐదుగురు ఐదు పాటలు పాడితే ఐదూ వరసగా పెట్టేవారు. మూడు పూటలా ఉప్మా తిన్నట్టుండేది. నిరుటి పాట మళ్లీ వచ్చేది. ఏడాదంతా అంకుల్ రేడియోలో మోగిన అసలు పాట ఉండేది కాదు. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే, డిస్కులో పట్టించడం కోసం పాటల్ని సగంలో సన్నగా మాయం చేసేవారు. మనిషి ఏదో చెప్పబోతుంటే తలుపు వేసేసినట్టు.

అయినా కొనేవాళ్లం. ఎవరు గొప్ప గాయకుడో, ఏది ముందు వినాలో మాకు తెలియదు. తెలిసిన వాళ్లెవరో ఒక ద్వీపం తాలూకు ఏడాదిని మూటగట్టి మా చేతిలో పెట్టినట్టుండేది. పైగా ఆ తలుపు వేసిన చోటు నాకు బాగా పనికొచ్చింది. ఆ ఇంగ్లీషు మా ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. నాకు అర్థమైనట్టే మిగతా కథ చెప్పేవాణ్ని. ఒక పాటలో జాలరి పడవ తప్పిపోయిందని చెప్పాను.

"అరేయ్, పాటల పడవే లేదంటుండు అంకుల్. నువ్వు ఏడికెళ్లి తెచ్చినవ్?"

"అంకుల్‌ది వేరే దీవిరా. ఆయనకేం తెలుసు?"

"సరే తియ్. పడవ దొరికిందా లేదా?"

"పాట అక్కడితో ఆపేశారుగా, నేనేం చెయ్యను?"

నిదానంగా సాగే రెగే డిస్కు నాది, గోలగా ఉండే డాన్స్‌హాల్ డిస్కు వాడిది. ఎవరిది వాళ్ల సంచిలోనే. అంటే వాడి డిస్కు మోగాలంటే వాడు ఇంట్లో ఉండాలి. ఎండాకాలం పొద్దు కలిసొస్తుందని ఇక్కడ అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు కదా, ఆ పొద్దున గోడ గడియారం మార్చగానే డిస్కులూ మార్చుకోవాలి. అదీ మా నియమం.

ఆఖరి ఏడాది ఆగస్టులో వాడికి బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ సన్నీబ్యాంక్ అనే పేటలో ఇల్లు తీసుకున్నాడు. ఆ ఏటి పెట్టెలోని రెండో డిస్కు వాడితోనే వెళ్లిపోయింది. అక్టోబరులో ఫోన్ చేశాను.

"గడియారం మార్చాను. నా వంతు డిస్కు పంపు."

"ఇక్కడ మార్చరు భయ్. క్వీన్స్‌లాండ్‌ల గడియారం ముట్టనే ముట్టరు. మరి డిస్కు ఎట్ల మారుస్తం?"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మరుసటి అక్టోబరులోనూ అదే మాట. నేను సిడ్నీ వచ్చి స్కోఫీల్డ్స్‌లో స్థిరపడ్డాను. పండగ ఫోన్లు, పుట్టినరోజు ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈ ఒక్క అక్టోబరు ఫోన్ మిగిలింది. ఏడాదిలో సగం రోజులు నేను వాడికన్నా ఒక గంట ముందు బతుకుతాను. ఆ గంటని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియలేదు. డిస్కు గనక నా చేతికి వచ్చేస్తే ఆ ఫోన్ కూడా ఆగిపోతుందని నా భయం.

ఒకరోజు ఆ పెట్టె చేత్తో పట్టుకుని కూర్చుంటే మా అమ్మాయి చూసింది. "డాడ్, జస్ట్ స్ట్రీమ్ ఇట్," అని తన ఫోన్‌లో పెట్టింది. పాటలన్నీ ఉన్నాయి. ఏదీ కోయలేదు. జాలరి పాట మొదటిసారి చివరిదాకా విన్నాను, కింద పాట మాటలు కూడా అక్షరాల్లో వచ్చాయి. అందులో పడవ లేదు. ఎవడో తన మోటార్‌సైకిల్ గురించి పాడుతున్నాడు. నాకు కోపమొచ్చింది, ఆ పాట మీద.

ఈ జూలైలో వాడు ఆఫీసు పని మీద సిడ్నీ వచ్చి, శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. జుట్టు నెరిసింది. పప్పులో నెయ్యి వద్దన్నాడు. పిల్లల చదువులు, ఇళ్ల రేట్లు అయిపోయాక కోటు జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. డిస్కు.

"ఇగో. ఇన్నేండ్లు పైలంగ దాచిన. నీది గూడ తే, మార్చుకుందం."

మా ఇంట్లో దాన్ని మోగించేది ఏదీ లేదు. కారులోనూ లేదు. నా పెట్టె మాత్రం వంటింట్లో చెంచాల సొరుగులో ఉంది.

"నాది కనపడట్లేదురా," అన్నాను. "ఇల్లు మారినప్పుడు తెల్ల కాకటూ చిలక ఎత్తుకుపోయిందని అనుమానం. మెరిసే వస్తువు కదా."

"సిడ్నీల పిట్టలు గూడ రెగే వింటయా?"

"మా వీధిలోవి వింటాయి."

మంచినీళ్లకని వాడు వంటింట్లోకి లేచాడు. మా అమ్మాయి చెంచా తీసుకుని సొరుగు సగం తెరిచే వదిలేసింది. అట్ట మీది కొబ్బరిచెట్టు నేను కూర్చున్న చోటికే కనపడుతోంది. వాడు గ్లాసు నింపుకుని సొరుగులోకి చూశాడు. మోకాలితో సొరుగు మూసేశాడు. తిరిగొచ్చి డిస్కుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగ దేవులాడు," అన్నాడు. "తొందరేం లేదు. అక్టోబర్ల గడియారం మార్చినంక ఫోన్ చెయ్."

గుమ్మంలో బూట్లు వేసుకుంటూ తలెత్తాడు.

"ఇంతకీ ఆ పడవ దొరికిందా?"

"ఇంకా వెతుకుతున్నారు," అన్నాను.