ఆదరణ కూడికలో తీసిన వీడియో

లక్షల మంది చూసిన ఆ వీడియోలో మా ఆయన సామ్యేలు ఎక్కడా కనిపించడు. సినిమా వాళ్లలా పేరొచ్చిన గాయని బ్లెస్సీ కనిపిస్తుంది, వెనక మా ఇంటి గోడ కనిపిస్తుంది, అద్దెకు తెచ్చిన ఎర్ర కుర్చీలు కనిపిస్తాయి. ఎవరి కోసం ఆ రోజు కూడుకున్నామో ఆ మనిషి గురించి అందులో ఒక్క ముక్క లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఐదో తరగతిలో చదువు ఆగిపోయినదాన్ని, నాకు వచ్చినట్టే రాస్తాను.

సామ్యేలు హైటెక్ సిటీ ఆఫీసుల వాళ్లను తిప్పే క్యాబ్ నడిపేవాడు. ఇరవై రెండేళ్లు అదే పని. పొద్దున్నే బోరబండలో మా ఇంటి ముందు బండి తుడుచుకొని, మియాపూర్ వెళ్లి, కొండాపూర్ మీదుగా మనుషుల్ని ఎక్కించుకుంటూ పోయేవాడు. సిగ్నల్ పడితే చాలు, స్టీరింగ్ మీద వేళ్లతో తాళం మొదలయ్యేది. ఆదివారం మా ప్రార్థన మందిరంలో డోలక్ ఆయనదే. ఎన్నికలొస్తే పార్టీల వాళ్లు స్టిక్కర్లు పట్టుకొని బండి చుట్టూ మూగేవారు. "ఇది బండి తమ్మీ, గోడ గాదు" అని నవ్వుతూ పంపేసేవాడు. ఏ పార్టీ వాళ్లొచ్చినా అదే మాట.

మాకు పిల్లలు లేరు. బ్లెస్సీ వాళ్లమ్మ కొండాపూర్ అపార్టుమెంట్లలో గిన్నెలు తోమేది. వాళ్ల గుడిసె చెరువు పక్కన బస్తీలో. ఆదివారం పనికి పోతూ పిల్లను మందిరంలో వదిలేది. ఏడేళ్ల పిల్ల, పెద్దవాళ్ల గొంతుల మీదికి ఎక్కి పాడేది. సామ్యేలు ఆ పిల్లను మా ఇంటికి తెచ్చి, స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద తాళం నేర్పాడు. అలా ఆరేళ్లు ఆదివారం అన్నం మా ఇంట్లోనే. నన్ను అత్తమ్మా అని, ఆయన్ను మామా అని పిలిచేది. పళ్లెం పట్టుకొని, ముందు పళ్లు రెండూ ఊడిపోయి నవ్వుతున్న ఫోటో ఒకటి మా బైబిల్లో ఉండేది.

ఆ పిల్ల పెద్దదై, పాటలు ఫోన్లలో పెట్టి, స్టేజీలెక్కి, చివరికి మాదాపూర్ రోడ్డు మీద ఏదో సబ్బు బోర్డులో మా క్యాబ్ కంటే పెద్ద మొహమైంది. సామ్యేలు అక్కడికి రాగానే బండి నెమ్మది చేసేవాడట. వెనక కూర్చున్న ఆఫీసు పిల్లలు, "అంకుల్, మీ అమ్మాయి వచ్చింది" అని ఆట పట్టించేవారట. ఇంటికొచ్చి చెప్పుకొని మురిసేవాడు. కొత్త పాట కట్టినప్పుడల్లా బ్లెస్సీ ఫోన్ చేసి వినిపించేది. ఆయన ఇటు టేబుల్ మీద తాళం వేసి చూపించేవాడు.

ఈ ఏడు వానాకాలంలో ఆ చెరువు పక్కన గుడిసెలను సర్కారు వాళ్లు కూలగొట్టారు. బ్లెస్సీ వాళ్లు అక్కడి నుంచి వచ్చేసి చాలా ఏళ్లయింది. అయినా ఆమె ఆ బస్తీ పిల్ల అని అందరికీ తెలుసు. ఇక ఆమె ఏ పాట పెట్టినా దాని కింద తిట్లే. నీ బస్తీ కూలితే నోరు రాదా, ఎంతకు అమ్ముడుపోయావ్ అని ఒక వైపు. ఒక్క మాట అన్నావంటే నీ ప్రోగ్రాం జరగనివ్వం అని ఇంకో వైపు. సామ్యేలు కళ్లజోడు ముక్కు మీదికి దించుకొని అవన్నీ ఒక్కొక్కటే చదివేవాడు. చదవకు అన్నా వినేవాడు కాదు.

బస్తీ పెద్దలు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. బ్లెస్సీకి ఫోన్ చేసి, ఒక్క ముక్క రాయించమని అడిగారు. వాళ్లను తీసుకొచ్చింది ఫిలిప్, మా మరిది. మియాపూర్‌లో సెల్ ఫోన్లు బాగుచేసే షాపు వాడిది.

"నువ్వు చెప్తె వింటది అన్నా" అన్నాడు ఫిలిప్.

"వింటది. గందుకే జెప్ప" అన్నాడు ఆయన.

మర్నాడే ఆయన క్యాబ్‌కు మూడు రోజులు సెలవు పెట్టి, గుడిసెల వాళ్ల మంచాలు, బీరువాలు, వానలో తడిసిన బట్టల మూటలు అందులో వేసి చుట్టాల ఇళ్లకు చేర్చాడు. సీట్లు బురదైపోయాయి. నేనే కడిగాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు. బండి తాళంచెవి చొక్కా జేబులోనే ఉంది.

ఆదరణ కూడిక పదో రోజున పెట్టుకున్నాం. మా వాళ్లలో మనిషి పోయాక ఇంట్లో కూడి ప్రార్థన చేసి, తెలిసినవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆ మనిషి గురించి సాక్ష్యం చెప్తారు. ముందు రోజు బ్లెస్సీ ఫోన్ చేసింది. "అత్తమ్మా, నేనొస్త. ఒక్కటే, ఎవల చేతిల ఫోన్ ఉండొద్దు." నా ఇంట్లో నీకేం కాదు, రా బిడ్డా అన్నాను.

గుమ్మం దగ్గర నేనే నిలబడ్డాను. బియ్యం కడిగే పెద్ద గిన్నె పట్టుకొని వచ్చినవాళ్లందరి ఫోన్లూ అందులో వేయించుకున్నాను. పాస్టరు గారిదీ తీసుకున్నాను. ఫిలిప్ దగ్గర మాత్రం తీసుకోలేదు. పాటలెత్తేది వాడు, వాక్యం చదివేది వాడు. ఈ రోజుల్లో పాటల పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి, పాటలూ బైబిలూ అన్నీ ఫోన్లోనే కదా. పాటలైపోయాక ఫోన్‌ను సామ్యేలు ఫోటోకు ఆనించి నిలబెట్టాడు. నేను చూశాను. మళ్లీ వాక్యం చదవాలి కదా అనుకున్నాను.

బ్లెస్సీ మామూలు నూలు బట్టల్లో, మొహానికి మాస్కు పెట్టుకొని వచ్చింది. సాక్ష్యం వేళకు మాస్కు తీసి లేచింది.

"మా గుడిసెలు కూలగొట్టినోళ్ల మీద నాకు కోపం ఉన్నది. నా మీద ఇంక ఎక్కువ ఉన్నది. నేను భయపడి నోరు మూసుకున్న. మామ మంచాలు మోసిండు. నన్ను మాత్రం ఒక్క మాట అనలే."

చెప్పి ఫోటో వైపు చూసి ఏడ్చింది. కూడికంతా ఏడ్చింది.

మర్నాడు పొద్దున పక్కింటి వాసంతి పరుగెత్తుకుంటూ వచ్చి ఫోన్ చూపించింది. బ్లెస్సీ నోరు తెరిచిందని పెద్ద అక్షరాలు. కోపం ఉన్నదన్న మాట వరకే ఉంచి, మిగతాదంతా కోసేశారు. సాయంత్రానికి బ్లెస్సీ ప్రోగ్రాం ఒకటి ఆగిపోయిందన్నారు. నేను ఫోన్ చేస్తే కలవలేదు. రెండో రోజు బ్లెస్సీ పేరుతో నాలుగు లైన్లు వచ్చాయని వాసంతి చూపించింది. కూడబలుక్కొని మూడు సార్లు చదివాను. అది రాజకీయం కాదు, ప్రార్థన అని మొదటి మాట. ఆ కుటుంబంతో నాకు దగ్గరి పరిచయం లేదు, చావు పేరు చెప్పి పిలిచి నన్ను మోసం చేశారు అని తర్వాతి మాట.

వాసంతిని పంపేసి నా ఫోన్లో ఆ వీడియో మళ్లీ పెట్టుకొని చూశాను. ఎడమ పక్క అంచున తెల్లగా ఏదో కదులుతోంది. చామంతి రేకులు. సామ్యేలు ఫోటోకు నేను వేసిన దండ. ఆయన కూర్చొని చూస్తే ఎలా కనిపిస్తుందో అలా ఉంది ఆ వీడియో అంతా.

మూడో రోజు ఫిలిప్పే వచ్చాడు. నేనొక్క నిమిషం మాట్లాడితే తను రికార్డు చేస్తాడట. పళ్లెంతో ఉన్న చిన్నప్పటి ఫోటో చూపించి, ఆరేళ్లు మా ఇంట్లో తిని ఇప్పుడు ఎవరో అంటోంది అని చెప్పాలట.

"తీసింది నువ్వే గద ఫిలిప్?" అన్నాను.

వాడు తల దించలేదు. "బస్తీ కోసం తీసిన వదినా. అన్న మూడు రోజులు మోసిండు, ఎవనికి తెల్సింది? ఆమె ఒక్క ముక్కతోని దేశమంత తెల్సింది."

"అన్న మోసిండన్న ముక్కనే కోసినవ్ గద."

వాడు ఛాయ్ తాగకుండా లేచాడు. ఫోటో మాత్రం తీసి పెట్టు వదినా, ఎల్లుండి వస్తానని చెప్పి పోయాడు.

మర్నాడు ఆ ఫోటోను బైబిల్లోంచి తీసి, సంచిలో పెట్టుకొని, బస్సెక్కి కొండాపూర్‌లో బ్లెస్సీ ఉండే అపార్టుమెంటుకు వెళ్లాను. నా మాట నేను తప్పలేదని ఆమెకు చెప్పాలి, అంతే. గేటు దగ్గర నా పేరు చెప్తే వాచ్‌మన్ పైకి ఫోన్ చేశాడు. సారమ్మ అట, బోరబండ నుంచట అన్నాడు. అవతలి మాట విని నా వైపు చూడలేక చూశాడు. "ఆ పేరు మేడంకు ఎర్క లేదంటున్నరమ్మా. జర వెళ్లిపోండ్రి."

ఆ మాట లోపల ఎవరన్నారో, బ్లెస్సీయేనో, పనివాళ్లో, నాకు తెలియదు. అక్కడే గోడకు ఆనుకొని నిలబడ్డాను. వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి వేసి, ఇంట్లో మగాళ్లెవరూ రాలేదా అని అడిగాడు. మా ఆయన పోయాడని, క్యాబ్ నడిపేవాడని, పేరు సామ్యేలని చెప్పాను.

"స్టీరింగ్ కొట్టుకుంట కూసునే సామ్యేలన్ననా?" అన్నాడు. మూడేళ్లు రోజూ ఆ గేటు దగ్గరే ఎవరినో ఎక్కించుకునేవాడట. వాన పడితే ఈ వాచ్‌మన్‌ను బండిలో కూర్చోబెట్టుకునేవాడట. పోయిన సంగతి తెలియదని అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. సాయిలు అని పేరు చెప్పాడు.

ఫోటో సాయిలు చేతికిచ్చాను. మేడం కిందికి వచ్చినప్పుడు ఇవ్వమన్నాను. ఇంకే ముక్కా చెప్పొద్దన్నాను. ఆ ఫోటో ఒక్కటే, ఇంకోటి లేదు.

ఫిలిప్ వచ్చి అడిగితే లేదని చెప్పాను. బైబిలు తిరగేసి చూసుకొని పోయాడు. అప్పటి నుంచి రాలేదు. బ్లెస్సీ నుంచి కూడా ఫోన్ లేదు. ఆమె రాసిన నాలుగు లైన్లలో మోసమన్నది నిజమే. నా ఇంట్లో, నా గిన్నె దాటి జరిగింది. దగ్గరి పరిచయం లేదన్నది మాత్రం నిజం కాదు. అది నిజం కాదని చూపించే ఫోటో ఈపాటికి ఆమె చేతికే చేరి ఉంటుంది.