రాధామనోహరానికి కచ్చా కుట్లు

ఆకాశం ఎక్కడైనా చిరిగితే, కుట్టు కనబడకుండా రఫ్ఫు చేయగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాత. కాకపోతే ఆకాశాన్ని ఇచ్చేసి వెళ్ళి, రేపు సాయంత్రం రమ్మంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో సూర్యుడికి కూడా తెలియదు.

తాత దర్జీ. బజారు వీధిలో, బట్టల కొట్టు పక్క మెట్ల కింద, లేచి నిలబడితే తల తగిలే చోట మిషను వేసుకుని జుట్టు నెరిసేదాకా కుట్టాడు. ఆ మెట్లెక్కితే పైన రెండు అద్దె గదులు. వంటగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. గోడకీ కిటికీకీ మధ్య చెయ్యి పట్టేది గానీ ఎండ పట్టేది కాదు. నానమ్మకు అంచు విరిగిన కుండీలో ఒక మొక్క ఉండేది. మెట్ల మీద ఎండ పడే చోటు పొద్దెక్కేకొద్దీ మారేది కాబట్టి, నానమ్మ కుండీని కూడా మెట్టు మెట్టుకీ మార్చేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు దాన్ని కాలితో తన్ని, తాతను క్షమించమనేవారు.

"నన్నెందుకు? పైన ఆవిడకి చెప్పుకోండి. మొక్క ఆవిడది, కాలు మీది, మధ్యలో నేనెవర్ని?" అనేవాడు తాత.

ఆ గదుల్లోంచి వాళ్ళు చివరికి సొంత ఇంటికి మారారు. బడి నన్నూ నేను బడినీ వదిలేసుకున్నాక కాజాలు కుట్టడానికి తాత దగ్గరే ఉండిపోయాను కాబట్టి నేనూ మారాను. ఇల్లు పాతది. అమ్మినావిడ రిటైరైన నర్సమ్మ. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున తాత మెడలో టేపు తీసి, కిటికీలకు కర్టెన్ల కొలతలు తీసుకుంటూ లోపలే ఉండిపోయాడు. నానమ్మ గదుల్లోకి తొంగి కూడా చూడలేదు. వరండా ముందే నిలబడిపోయింది. వరండా ముందు పందిరి, దాని మీదంతా అల్లుకున్న రాధామనోహరం తీగ, కింద ఆకుపచ్చటి నీడ. పక్కనే జామచెట్టు, నిమ్మచెట్టు, గోడ వెంట మందారాలు.

"ఈ తీగ కూడా మాకే వస్తుందా?" అని అడిగింది.

నర్సమ్మ నవ్వింది. "మూట కట్టుకుపోవడం నావల్ల కాదు లెండి. కాకపోతే ఒక్క మాట. దాన్ని కట్టింది కట్టినట్టు ఉంచండి. పూలప్పుడు ఒకసారి వచ్చి చూసుకుంటాను."

నానమ్మ ఆ మాట విన్నది. తాత లోపల కిటికీ వెడల్పు గొణుక్కుంటున్నాడు, వినలేదు. వచ్చిన తంటా అంతా ఆ కిటికీ వల్లే వచ్చింది.

కొత్తింట్లో నానమ్మ పొద్దున్నే లేచి తోటంతా ఒక చుట్టు తిరిగేది. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, మూతి ముడిచి తల ఊపేది, పెళ్ళివారిల్లు చూడ్డానికొచ్చిన పెద్దావిడలాగా. ఎవరో పెంచి పెద్ద చేసిన చెట్లు, అడగకుండానే కాస్తున్నాయి. ఆ ఆశ్చర్యం ఆవిడకు ఎన్నాళ్ళకూ తగ్గలేదు. తర్వాత టీ గ్లాసు పట్టుకుని తీగ కింద కుర్చీలో కూర్చునేది. ఆ కూర్చోవడంలో ఎంత సుఖముండేదంటే, పక్కనుండి చూసేవాళ్ళకు కూడా నడుం నొప్పి తగ్గేది. అంచు విరిగిన కుండీని తీసుకెళ్ళి జామచెట్టు కింద పెట్టి, "ఇక నిన్ను మోసే పని తప్పింది, హాయిగా ఉండు" అని చెప్పింది.

తాతకు మాత్రం ఆ తోట ఒంటికి పట్టలేదు. బుద్ధెరిగాక ఇంకొకరు కుట్టిన బట్ట ఆయన వేసుకోలేదు. పెళ్ళికి కూడా తన చొక్కా తనే కుట్టుకున్నాడు. గుండీలు పూర్తికాక ఆలస్యంగా వచ్చాడని నానమ్మ ఇప్పటికీ అంటుంది. అలాంటి మనిషికి ఇంకొకరు నాటి, పెంచి, తీర్చిదిద్దిన తోట ఇచ్చి కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు? చేతులు ఊరుకోవు. చేతులకు పనిలేక నోటికి చెప్పాడు.

"ఆ జామచెట్టు చూశావా? ఎడమ చెయ్యి పొడుగు."

"చెట్టుకి చేతులేంటండీ!"

"మందారాల వరసకి భుజం దిగింది. అటువైపు కాస్త ఎత్తాలి."

"మీరు ముందు టీ తాగండి. చల్లారితే దానికీ వంక పెడతారు."

అలా వంకలు పెట్టుకుంటూ ఆయన కన్ను చివరికి రాధామనోహరం మీద పడింది. నర్సమ్మ ఆ తీగని పందిరి కమ్మీలకు తెల్లటి కట్టుగుడ్డ పీలికలతో కట్టింది. ఆస్పత్రి అలవాటు. ఆకుల మధ్య తెల్లటి పీలికలు దూరం దూరంగా కనబడేవి. మీకూ నాకూ అవి కట్లు. తాతకు అవి కచ్చా కుట్లు. దర్జీ అసలు కుట్టు వేసేముందు, ముక్కలు కదలకుండా తెల్లదారంతో దూరం దూరంగా కుట్టి పెట్టుకుంటాడే, అవి. అసలు కుట్టు పడ్డాక వాటిని లాగేసి గానీ బట్ట ఇవ్వకూడదు. కచ్చా కుట్లతో బట్ట ఇచ్చాడంటే బజారంతా నవ్వుతుంది. తీగ ఏనాడో పందిరిని పట్టేసుకుంది, అంటే అసలు కుట్టు పడిపోయింది. మరి ఈ తెల్లదారాలు ఇంకా ఎందుకు వేలాడుతున్నాయి? ఈ నర్సమ్మ పని పూర్తి చేయకుండానే ఇల్లు అప్పజెప్పిందన్నమాట!

నానమ్మ కూరగాయలకు వెళ్ళిన పూట తాత చిన్న కత్తెర తీశాడు. నిచ్చెనెక్కి, ఆకుకు కూడా తగలకుండా ఒక్కో కట్టూ కత్తిరించి, పీలికలు చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. దిగి, వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి చూసుకున్నాడు. తీగ కదల్లేదు. "అదీ!" అన్నాడు. లోపలివైపు కూడా చూద్దామని పందిరి కిందికి వెళ్ళాడు. అప్పుడు దిగింది తీగ. దభీమని పడలేదు. అలసిపోయి వచ్చినవాడు మంచం మీదికి ఒరిగినట్టు, మొత్తం ఒక్కటిగా, నింపాదిగా, కుర్చీ మీదికీ తాత మీదికీ ఒరిగిపోయింది.

నానమ్మ గేటు తీసుకుని వచ్చేసరికి వరండా ముందు ఆకుల గుట్ట ఉంది. గుట్ట కిందనుంచి తాత చెప్పులు కనబడుతున్నాయి.

"ఎవరది లోపల?"

"నేనే."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు."

"మరి అక్కడేం చేస్తున్నారు?"

గుట్ట కాసేపు ఆలోచించుకుంది. "ట్రయల్ చూస్తున్నా."

నానమ్మ నవ్వలేదు. సంచి కింద పెట్టి, ఆకులు తప్పించి ఆయన్ని బయటికి లాగింది. తిట్టనూ లేదు. తిడితే తాతకు తేలికయ్యేది. ఆవిడ తిట్ల కొలతలు ఆయనకు కంఠతా వచ్చు. తీగ మొదలు ఒకచోట చీలి, లోపలి తెలుపు కనబడుతోంది. నానమ్మ దాన్ని వేలితో తాకి, "పూతకొచ్చిందండీ" అని మాత్రం అంది. లోపలికెళ్ళి పందిరివైపున్న వంటగది కిటికీ మూసేసింది. సాయంత్రం జామచెట్టు కిందనుంచి అంచు విరిగిన కుండీని తెచ్చుకుని, ఆ మూసిన కిటికీ గట్టు మీద పెట్టుకుంది.

తాత ఆ కుండీని చూశాడు. భోజనం సగంలో లేచాడు.

మర్నాటికి ఆకులు వాలిపోయాయి. పైగా నర్సమ్మ ఫోను. వారం చివర వస్తోందట, పూలు చూడ్డానికి. తాత సన్నటి ఇనప తీగతో కట్టబోతే అది కాడను కోసింది. గట్టి దారంతో కట్టబోతే అదీ కోసింది. కాసేపు మిషను ముందు ఊరికే కూర్చుని, తర్వాత మంచం కింది మూట లాగాడు. అలాంటి మూట మా తాతకే కాదు, చాలామంది దర్జీలకు ఉంటుంది. "సరిగ్గా సరిపోయిందండీ, ముక్క కూడా మిగల్లేదు" అని చెప్పగా మిగిలిన ముక్కలన్నీ అందులో ఉంటాయి.

నిచ్చెన నేను పట్టుకున్నాను. తాత మెడలో టేపు వేసుకుని ఎక్కాడు.

"చెయ్యి ఎత్తమ్మా. ఆ, అలా. ఊపిరి బిగబట్టకు, మామూలుగా ఉండు."

"తాతా, అది తీగ."

"నువ్వు నిచ్చెన. కదలకు."

ఎదిగే పిల్లల యూనిఫారాలకు తాత లోపల గుడ్డ మడిచి వదిలేవాడు, పొడుగైనప్పుడు విప్పుకోవడానికి. ఇప్పుడు ప్రతి కట్టుకీ అలాగే వేలు దూరేంత వదులు పెట్టాడు. చీలినచోట మెత్తటి ఫ్లానెలు చుట్టి, పసిపిల్ల మెడకు కాలరు పెట్టినంత జాగ్రత్తగా ముడి వేశాడు. అటువైపు కమ్మీ దాకా వచ్చేసరికి వంటగది కిటికీ ఒక రెక్క తెరుచుకుంది.

"ఆ ఎర్ర గుడ్డ అక్కడ వద్దు. పువ్వేదో గుడ్డేదో తెలీదు."

తాత వెంటనే ఎర్ర గుడ్డ విప్పాడు. కాసేపటికి నానమ్మ బయటికొచ్చి, మూట ముందు కూర్చుని ముక్కలు అందించడం మొదలుపెట్టింది. ఒక పూల ముక్క దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది నా దిండు గలేబుల గుడ్డ కదూ?"

నిచ్చెన మీద తాత బిగుసుకుపోయాడు.

"మిగిలిందాంతో చేతిసంచి కుట్టమంటే, ముక్క కూడా మిగల్లేదన్నారు."

"అప్పుడు మిగల్లేదు."

"ఇప్పుడెలా మిగిలిందో!"

"కొన్ని గుడ్డలు... ఉంచితే సాగుతాయి."

"కట్టుకున్నదాని గుడ్డలో కూడా కోసుకున్నారా! దొంగ దర్జీ! ఎన్నేళ్ళు కాపరం చేశానండీ ఈ మనిషితో!"

తిట్టు చెవిన పడగానే తాత భుజాలు కిందికి దిగాయి. సగం గండం గడిచిందని ఆయనకు అర్థమైంది.

నర్సమ్మ వచ్చేసరికి తీగ పందిరి మీద ఉంది. చాలా కొమ్మలు ఎండిపోతే తీసేయాల్సి వచ్చింది. మిగిలిందంతా గళ్ళ గుడ్డలు, చారల గుడ్డలు, యూనిఫారం నీలాలు కట్టుకుని, రంగురంగుల దండెంలాగా ఉంది. ఒక్క పువ్వు లేదు. తాత మిషను వెనక నిలబడి లేని దారం ఎక్కిస్తున్నాడు.

"ఏమైంది దీనికి?" అంది నర్సమ్మ.

"గాలొచ్చిందండీ" అంది నానమ్మ కన్నార్పకుండా. "పెద్ద గాలి."

తాత తల వంచుకుని బయటికొచ్చి, జేబులోంచి ఒక పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, చుట్టలు చుట్టిన తెల్లటి పీలికలు. నర్సమ్మ ఒకటి విప్పి కొస చూసింది.

"గాలి భలే తిన్నగా కత్తిరించిందే!"

ముందు నవ్వింది నానమ్మే.

నర్సమ్మ ఫ్లానెలు కట్టు కింద వేలు పెట్టి చూసింది. "బతుకుతుందో లేదో చెప్పలేనండీ. ఈ కట్టు పైన చిగురు రావాలి. వచ్చినా, ఏటా ఇవన్నీ విప్పి వదులు చేసి మళ్ళీ కట్టాలి. నిచ్చెనెక్కలేకే కదా నేను ఇల్లు అమ్ముకున్నాను."

"ఏటా?" అన్నాడు తాత. "ఇచ్చేస్తే అయిపోయే బట్ట కాదా ఇది?"

"కాదు. చచ్చేదాకా పనే."

ఆ మాట విని అంత సంతోషించిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

చిగురు వచ్చింది, సరిగ్గా ఫ్లానెలు పైనే. అది చూసిన పూటే నానమ్మ కుండీని మళ్ళీ జామచెట్టు కింద దించింది. ఇప్పుడు పందిరి కింద రెండు కుర్చీలున్నాయి. తాత కూడా కాళ్ళు చాపుకుని టీ తాగుతాడు. పూలు ఆలస్యంగానైనా విచ్చాయి. సాయంత్రం తెల్లగా విచ్చినవి మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరిగాయి. రాధామనోహరం గుణమే అది. తాత మాత్రం ఒప్పుకోడు.

"ఆ ఎర్ర గుడ్డ రంగు దిగింది. నాసిరకం గుడ్డ."

"దాన్ని నేను అప్పుడే విప్పించాను కదండీ!"

"కాసేపు ఉంది కదా. చాలు."

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. మిషనుకు నూనె పెడుతూ చివరిదాకా విన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆకాశం రఫ్ఫు చేస్తానని నేనెప్పుడన్నానే? చదివింది చాలు గానీ, వచ్చి నిచ్చెన పట్టుకో. ఆ జామచెట్టు చెయ్యి ఇంకా పొడుగ్గానే ఉంది."