ఊరల్లుడి స్టేషన్

"ఈసారి బావను తోలుకరాకుంటే నువ్వు గూడ రాకక్కా" అని అత్తమ్మకు ఆమె తమ్ముడు మల్లయ్య కబురు పంపకపోతే మేం రేగులగూడ వెళ్లేవాళ్లం కాదు. అది అత్తమ్మ పుట్టిన ఊరు. పెళ్లిళ్లకూ చావులకూ ఆమె ఒక్కతే వెళ్లొచ్చేది. మామయ్య మాత్రం అక్కడి రైల్వే స్టేషన్ మూతబడినప్పటి నుంచి ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు.

హుస్నాబాద్‌లో తెల్లవారుజామునే మొదటి బస్సు ఎక్కాం. మా వారు పంతులు, బడిలో పరీక్షలని రాలేదు. అత్తమ్మ, మామయ్య, నేను, పది నెలల పాప బయలుదేరాం. నా సంచిలో కాచి చల్లార్చిన నీళ్లు, రెండు పాలసీసాలు, జ్వరం మందు, దగ్గు మందు, కడుపునొప్పి మందు ఉన్నాయి. మామయ్య ఆ సంచి ఎత్తి చూసి, "పిల్ల ఒక్కతే వస్తుందా, దవాఖాన గూడ వస్తుందా?" అన్నారు.

పెద్దపల్లి స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. తొమ్మిది దాటాక ప్యాసింజర్ వచ్చింది. గోదావరి వంతెన మీద అందరూ చిల్లర విసురుతుంటే నేను రెండు చేతులతో పాపను పట్టుకుని కూర్చున్నాను. మంచిర్యాలలో ఒకావిడ బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఏడికి పోతున్రు చెల్లె?"

"రేగులగూడకు."

"ఆడ బండి ఆగదు గద. ఆ ఊరోళ్లు అల్లుణ్ని నమ్మి స్టేషన్ పోగొట్టుకున్నరట" అని నవ్వింది.

మామయ్య లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆ అల్లుడు ఆయనే. సంగతంతా అత్తమ్మ నాకు గొంతు తగ్గించి చెప్పింది.

ఊరివాళ్లు ఎన్నో అర్జీలు పెట్టుకుంటే అక్కడ రైలు ఆపడానికి ఒప్పుకున్నారు. ఒక గది, ఒక టికెట్ కిటికీ. టికెట్లు అమ్మేవాడికి జీతం ఉండదు, అమ్మినదాన్ని బట్టి కమీషన్. చదువొచ్చిన మనిషి కావాలన్నారు. ఏడో తరగతి పాసై అక్కడ ఇల్లరికం ఉన్న మామయ్యను కూర్చోబెట్టారు. కానీ ఒక ఇంటి అల్లుడు ఊరందరికీ అల్లుడే. అల్లుడికి పెట్టాలి గానీ అతని దగ్గర కొనడం ఏమిటని ఎవరూ పైసలు తీయలేదు. కిటికీలో సొరకాయ పెట్టేవారు, మక్కకంకులు పెట్టేవారు, రైలెక్కేవారు. అత్తలనూ మామలనూ టికెట్ అడగడానికి ఈయనకు నోరు రాలేదు. రైలు నిండా జనం, లెక్కలో టికెట్లు లేవు. కొంతకాలానికి రైలు ఆగడం మానేసింది. అల్లుడికి టికెట్లు కొట్టడం చేతకాలేదని ఊరంతా అనుకుంది. ఆయన భార్యాపిల్లలతో హుస్నాబాద్ వచ్చి కిరాణాకొట్టు పెట్టుకున్నారు.

బెల్లంపల్లి దాటిన కాసేపటికి ఆ గది కనిపించింది. రైలు వేగం కూడా తగ్గించలేదు. తర్వాతి స్టేషన్‌లో దిగేసరికి మల్లయ్య ఎడ్లబండితో ఉన్నాడు.

"దారి మర్చిపోయినవనుకున్న బావా."

"దారి యాదికున్నది. మొఖమే లేకుండె" అన్నారు మామయ్య.

బండి తిన్నగా ఇంటికి పోలేదు. మల్లయ్య పాత స్టేషన్ దగ్గర ఆపాడు. అక్కడ పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు. మామయ్య బండి దిగలేదు. గది తలుపు ఊడిపోయింది. లోపల రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. టికెట్ కిటికీ చువ్వలు మాత్రం చెక్కుచెదరలేదు.

కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ బండి దగ్గరికి వచ్చింది. ఊరి వరసకు ఆమె మామయ్యకు అత్త.

"అల్లుడా, నేను రోజు మంచిర్యాలకు కూరగాయలు తీస్కపోదును. ఒక్కనాడన్న టికెటు అడిగినవా?"

"అత్తవు. ఎట్లడుగుత?"

"అడిగితే కొందునా? నాలుగు తిట్టి ఎక్కుదును" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "చేసింది మేము. మాట నీ మీద ఏసినం. దిగు బిడ్డా."

మామయ్య దిగారు.

మళ్లీ అర్జీ పెడతామని, ఈసారి తప్పక కొంటామని, ఆయననే వచ్చి కూర్చోమని అడిగారు. మామయ్య కిటికీ చువ్వలు పట్టుకున్నారు.

"నన్ను కూసోవెట్టకుండ్రి. నేనుంటే మళ్ల సొరకాయలే వస్తయి. మీకు చుట్టం కానోణ్ని తెచ్చుకోండ్రి."

"చుట్టం కానోడు ఈ ఊళ్లె రెండు దినాలుంటే చుట్టమే అయితడు" అన్నాడు మల్లయ్య.

మధ్యాహ్నం జొన్నరొట్టె, కోడికూర. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోగా ఆ ముసలమ్మ పాపకు పాలలో నానబెట్టిన రొట్టె తినిపించేసింది. సాయంత్రం దాకా పాప నుదురు తడిమి చూస్తూనే ఉన్నాను. ఏమీ కాలేదు. హాయిగా నిద్రపోయింది. మందుల సంచి విప్పనే లేదు.

ఆ పాత స్టేషన్ చూడాలనుకునేవారు తర్వాతి స్టేషన్‌లో దిగి, పట్టాల పక్క బండిదారిన నడిచి రావచ్చు. గంటలోపే. దుకాణాలు, బస లేవు, సాయంత్రం ప్యాసింజర్‌కు తిరిగి రావాలి. గది చుట్టూ పొదలున్నాయి, చిన్నపిల్లలను కింద దించకండి. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. కానీ వెళ్లేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి వచ్చేటప్పుడు మా మధ్య కూర్చుని పాపను ఆడించాడు. నాకు ఆ ప్రయాణం అంతటికీ అది చాలు.

ఆ సాయంత్రం తిరుగు రైలు కదిలే ముందు మల్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి ఒక టికెట్ అందించాడు.

"ఏందిరా ఇది?"

"ప్లాట్‌ఫారం టికెటు బావా. బండెక్కకున్నా కొన్న."

"మస్తు ఆలస్యంగ కొన్నవు" అని మామయ్య దాన్ని జేబులో పెట్టుకున్నారు.

మంచిర్యాలలో టికెట్ కలెక్టర్ ఎక్కాడు. మామయ్య జేబులోంచి ముందు దాన్నే తీసి ఇచ్చారు.

"ఇది ప్లాట్‌ఫారందయ్యా పెద్దాయనా" అన్నాడతను.

"ఎరుకే. మా బామ్మర్ది కొన్నడు. ఒకసారి చూస్తవని ఇచ్చిన" అని, తర్వాత మా టికెట్లు తీశారు.