నా బల్ల దగ్గర ఆగిన వరుస

ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో నిలబడి వచ్చి, విజయవాడలోని మా ఆరోగ్య కేంద్రంలో నర్సు కుర్చీలో కూర్చునేసరికే నా ఓపిక సగం అయిపోయేది. అప్పటికే వరండా నిండా జనం ఉండేవారు. ఆ నెల ముగ్గురు డిగ్రీ విద్యార్థులు వచ్చారు. రోగులు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, వరుస త్వరగా కదిలేలా సాయం చేస్తామన్నారు. వారం రోజులు ఫోన్లో టైము చూసుకుంటూ నా పక్కనే నిలబడ్డారు.

శనివారం వాళ్లలో ఒకమ్మాయి మొహమాటపడుతూ చెప్పింది.

"మేడం, ఏమీ అనుకోకండి. డాక్టరు గారి దగ్గర లేటవట్లేదండి. మీ టేబుల్ దగ్గరే అవుతోంది."

నాకు ఒళ్లు మండింది. బీపీ, షుగరు చూడాలి. ఆ వివరాలే రెండు రిజిస్టర్లలో రాసి, మళ్లీ ట్యాబ్‌లో ఎక్కించాలి.

"అయితే నువ్వే రాయమ్మా," అని రిజిస్టర్లు ఆమె ముందుకు తోశాను.

ఆమె నిజంగానే కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ వరండాలో చీటీలు ఇచ్చి, ఐదుగురి చొప్పున లోపలికి పంపారు.

నా చేతులకు కాస్త తీరిక దొరికింది. తలెత్తి మనుషుల్ని చూడగలిగాను. నెలనెలా షుగరు మాత్రలకు వచ్చే ఒక నేత కార్మికుడు మరుసటి వారం కుంటుతూ వచ్చాడు. చెప్పు విప్పమన్నాను. బొటనవేలి మీద పుండు, చుట్టూ నల్లబడి ఉంది.

"ఎన్నాళ్ల నించి ఇలా ఉంది?"

"మూణ్ణెల్లయిందండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు రాసుకుంటా ఉంటారు కదమ్మా. వెనకాల జనం. ఎందుకులే అని..."

డాక్టరు గారు ఆయన్ని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపారు. వేలు తీసేశారు, పాదం దక్కింది. కొన్నాళ్లకు మళ్లీ మగ్గం ఎక్కానని ఆయనే వచ్చి చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

పరీక్షలొచ్చి పిల్లలు వెళ్లిపోయారు. ఒక రిజిస్టరు తగ్గించమని పైకి రాశాను, జవాబు రాలేదు. ఇప్పుడు షుగరు ఉన్న ప్రతి మనిషినీ చెప్పులు విప్పమంటున్నాను. వరుస మునుపటికన్నా నెమ్మదిగా కదులుతోంది. బయట నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. వాళ్ల తప్పేం లేదు. మధ్యాహ్నానికి నా నడుం పట్టేస్తుంది. కొన్ని రోజులు అన్నం డబ్బా తెరవకుండానే తిరుగు బస్సెక్కుతాను.