ఐదు నిమిషాల డాక్టరమ్మ

వార్డులో నర్సులు ఆమెకు పెట్టిన పేరు ఐదు నిమిషాల డాక్టరమ్మ. ఆపరేషన్లు నేర్చుకోవడానికి ఆ ఆసుపత్రిలో చేరి రెండో ఏడు. ఎవరు పిలిచినా ఆమె నోట వచ్చే మాట ఒకటే, ఐదు నిమిషాల్లో వస్తానని. అబద్ధమాడాలని కాదు పాపం, పది పనులు పది వైపులా లాగుతుంటే ఏ మనిషైనా ఏం చేస్తుంది? ఇంటి నుంచి తల్లి ఫోను చేసినా అదే జవాబు. ఆ తల్లి ఫోన్లు చేయడం తగ్గించేసింది.

కిటికీ పక్క మంచంలో షుగరు జబ్బుతో ఒక పెద్దావిడ ఉండేది. కుళ్ళిన కాలి వేలు తీసేశారు. రోజూ పొద్దున్నే కట్టు విప్పి, పుండు కడిగి, కొత్త కట్టు కట్టాలి. ఆవిడకు డాక్టరమ్మ చేతి మీదే గురి, వేరేవాళ్ళు ముట్టుకోబోతే కాలు లాగేసుకునేది. ఒక రోజు డాక్టరమ్మ ఆపరేషన్లలో పడి రాలేకపోయింది. మర్నాడు పొద్దున ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి, డ్యూటీ గదిలో కాస్త నడుం వాల్చింది. రాత్రుళ్ళ తరబడి బాకీపడ్డ నిద్ర ఊరుకుంటుందా?

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం. పెద్ద డాక్టరు రౌండ్లు ఎప్పుడో ముగించారు. గుండెలు అరచేతిలో పెట్టుకుని వార్డుకు పరుగెత్తితే, ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. గండం గడిచిందనుకుంది. తర్వాత ఆమె అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడింది ఆ ఊరటకే.

"కట్టు అయిందా అని అడిగారు. అయిందని చెప్పానమ్మా. నిన్నా అలాగే చెప్పాను. లేకపోతే నిన్ను అందరి ముందూ తిడతారుగా" అంది పెద్దావిడ.

కట్టు విప్పితే వాసన గుప్పున కొట్టింది. నలుపు పాదం మీదికి పాకింది. కట్టు అయిందని పెద్దావిడే చెప్పిందిగా అని తప్పించుకోవడానికి దారి నున్నగానే ఉంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, డాక్టరమ్మ పెద్ద డాక్టరుకు ఫోను చేసింది.

"రెండు రోజులుగా కట్టు విప్పలేదు సార్. ఆవిడ నా కోసం అబద్ధం చెప్పింది. తప్పు నాది."

పెద్ద డాక్టరు వచ్చి చూశారు. సగం పాదం తీసేయాలన్నారు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర పెద్దావిడ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, ఎంతసేపు పడుతుందని అడిగింది. డాక్టరమ్మ రెండో చేత్తో ఆవిడ దుప్పటి సర్దింది. పెద్దావిడే ఆ చేతిని మెల్లగా తట్టింది.

"ఐదు నిమిషాలేగా" అంది.