సగం దిగిన హెడ్‌ఫోన్ పిన్ను

నిన్న మా ఆయన ఇంట్లో ఆంప్లిఫయర్‌కు హెడ్‌ఫోన్ తగిలించుకుని, వాల్యూమ్ ఎంత తిప్పినా పాట సన్నగానే వస్తోందని విసుక్కున్నాడు. చివరికి పిన్నును గట్టిగా లోపలికి నొక్కాడు. టిక్కుమంది. పక్కన కూర్చున్న నాకు కూడా పాట వినిపించింది.

“పిన్ను సగమే దిగింది, ఇంతసేపూ చూసుకోలా” అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

నాతో నాలుగో తరగతి చదివిన మీకు మా ఇల్లు గుర్తుండే ఉంటుంది. గొంగళ్ల వాసన, పూల గుడ్డ కప్పిన టేప్ రికార్డర్. బడిలో సార్ పేరు పిలిస్తే నేను సిగ్గుతో పలికేదాన్ని కాదు. నేను పలకడం లేదని తెలిసి, చెవులు వినపడవేమోనని నాయన ఒకరోజు టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు.

“వినపడతాందా మే?”

“సన్నంగా వస్తాంది నాయనా.”

“దీనికి చెవులు మందం. ఇంక బడేంది, గొర్రెల ఎంట పోనీ.”

పిన్ను సరిగ్గా దిగిందో లేదో ఎవరూ చూడలేదు. నా పలక అటకెక్కింది.

మీరంతా ఐదో తరగతికి వెళ్లారు. నేను గొర్రెలు మేపే గుట్ట మీదికి మీ బడి గంట రోజూ స్పష్టంగా వినిపించేది.